ఓయూ జర్నలిజమా, హెచ్‌సీయూ కమ్యూనికేషనా? చదివినవాళ్ళు కాస్త చెప్పండి

అందరికీ నమస్తే. నేను నల్లగొండలో బీఏ ఫైనలియర్, తెలుగు మీడియం. పీజీ మాస్ కమ్యూనికేషనే చేయాలని గట్టిగా అనుకున్నాను, ఎక్కడ అన్నదే తేలట్లేదు.

ఓయూకి సీపీగెట్ రాయాలి, హెచ్‌సీయూకి సీయూఈటీ పీజీ. రెండూ రాస్తాను, అది సమస్య కాదు. ఓయూ జర్నలిజం డిపార్ట్‌మెంట్ 1954 నుంచి ఉంది, తెలుగు పేపర్లలో, ఛానళ్ళలో ఎక్కడ చూసినా అక్కడి సీనియర్లే కనిపిస్తారు కాబట్టి ఆ పరిచయాలు పనికొస్తాయని మా సార్ అంటున్నారు. హెచ్‌సీయూలో అయితే బోల్ హైదరాబాద్ అని 90.4 ఎఫ్ఎం కమ్యూనిటీ రేడియో క్యాంపస్‌లోనే ఉంది. నాకు పిచ్చి రేడియో మీదే (ఇంకా రేడియో ఎవరు వింటారని నవ్వకండి). మా ఊళ్ళో బోరుబావుల మీద ఫోన్‌లో రైతుల మాటలు రికార్డు చేసి, వెనక మోటార్ మోత, గాలి శబ్దం తీసేసి, ఫ్రీ యాప్‌లో ఎడిట్ చేసి మా కాలేజీ గ్రూపులో పెడితే బాగానే విన్నారు.

టెన్షనల్లా ఇంగ్లిష్‌దే. చదివితే అర్థమవుతుంది కానీ నాలుగు పేజీల అసైన్‌మెంట్ రాయమంటే చేతులాడవు. తెలుగు మీడియం నుంచి హెచ్‌సీయూకి వెళ్ళినవాళ్ళు మొదటి సెమిస్టర్ ఎలా గట్టెక్కారు? రేడియో స్టూడియోలో మామూలు స్టూడెంట్లకి నిజంగా చెయ్యి పెట్టనిస్తారా? ఓయూలో పరీక్షలు తెలుగులో రాయొచ్చా?

ఇంకోటి, నాన్న పీజీ మానేసి ఈనాడు జర్నలిజం స్కూల్ టెస్ట్ రాయమంటున్నారు, అక్కడ స్టైపెండ్ ఇస్తారని. రేడియో, ఆడియో వైపు వెళ్ళాలంటే అది పనికొస్తుందా? ఈమధ్య చదివినవాళ్ళు చెప్తే ఇంకా మంచిది, ప్లీజ్.