కొండల్లో తీసిన ఈ రెండు సోల్జర్ ఫ్లైలను గుర్తుపట్టగలరా?

రెండు ఫొటోలూ కొండల్లో, రాతి మీద నీరు ఊరుతూ నాచు పట్టిన చోట తీసినవి. ఇవి సోల్జర్ ఫ్లైలే (ఈగల్లో ఒక కుటుంబం) అన్నది నా నమ్మకం. రెక్కల ఈనెలు ముందంచు వైపు గుమిగూడి ఉన్నాయి, మధ్యలో డిస్కల్ సెల్ (ఈనెల మధ్య మూసుకున్న గడి) బాగా చిన్నది. ఏ ప్రజాతి (జీనస్) అన్న దగ్గరే చిక్కొచ్చింది.

మొదటిది నల్లటి ఈగ, పొట్టకు రెండు పక్కలా పసుపు మచ్చలు. ఛాతీ చివర ఉండే స్క్యుటెల్లమ్ మీద రెండు ముళ్లు స్పష్టంగా కనిపిస్తున్నాయి. స్ట్రాటియోమిస్ ప్రజాతి అయితే మీసంలో మొదటి కణుపు పొడవుగా ఉండాలి, ఒడోంటోమియాలో పొట్టిగా ఉంటుంది. ఇందులో పొట్టిగానే అనిపిస్తోంది, కానీ తల పక్కకు తిరిగి ఉండడంతో కొలత సరిగ్గా అందడం లేదు. కళ్లు నడినెత్తిన కలవలేదు కాబట్టి ఆడది అనుకుంటున్నాను. మీకూ అలాగే కనిపిస్తోందా?

రెండోది ఇంకా చిన్నది, అందమైనది. ఛాతీ ఆకుపచ్చగా మెరుస్తోంది, కాళ్లు పసుపు. స్క్యుటెల్లమ్ అంచున దువ్వెన పళ్లలా ముళ్ల వరుస ఉంది. బెరిస్ ప్రజాతి అని నా అనుమానం. ఫ్లాష్ వెలుగు సరిగ్గా అక్కడే పడి ముళ్ల లెక్క తేలడం లేదు.

పట్టి చంపడం నాకు ఇష్టం లేదు. ఫొటోలతోనే జాతి (స్పీషీస్) దాకా వెళ్లొచ్చా? మళ్లీ కనిపిస్తే ముందు ఏ భాగాన్ని, ఏ కోణంలో తీయాలి? తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి. ఎత్తు, తేదీ వివరాలు కావాలంటే ఇస్తాను.