అప్‌డేట్: 29 ఆట చేతికొస్తోంది

ఇచ్ఛాపురంలో అత్తారింట్లో అందరూ ఆడే 29 పేకాటలో ఆసు కంటే జాకీ ఎలా పెద్దదో అర్థం కావట్లేదని ఇంతకుముందు ఇక్కడ అడిగాను. మీరు చెప్పినట్టు ముందు వరస బట్టీ పట్టాను: జాకీ 3, తొమ్మిది 2, ఆసు 1, పది 1. రాజు, రాణి, ఎనిమిది, ఏడు సున్నా. 32 ముక్కల్లో మొత్తం 28 పాయింట్లు.

ఇప్పుడు ఎదురుగా కూర్చున్న నా జోడీ బావగారు పట్టు (ఒక్కో రౌండులో పడిన ముక్కలు) గెలుస్తుంటే నా పది అందులో పడేస్తున్నా. అసలు టెన్షన్ దాచిన తురుపుతోనే (మిగతా రంగులను కొట్టే రంగు). అడిగిన రంగు మన చేతిలో లేనప్పుడే దాన్ని తెరిపించగలం. తొందరపడితే ఒక్కోసారి పాట పాడినవాళ్లకే (ఇన్ని పాయింట్లు తెస్తామని వేలంలో గెలిచి, తురుపు దాచినవాళ్లకే) లాభం. మా ఆడపడుచు కనుబొమ్మలతో సైగలు చేస్తుంది, తొండి అంటే మాత్రం ఒప్పుకోదు! చేతిలో ఉంటే కలిసొచ్చే తురుపు రాజు, రాణి జత నాకింకా పడలేదు.