అప్‌డేట్: ప్రార్థనకు నోరు రావడం లేదని అడిగింది నేనే

మా ఆయన పోయాక మోకరిస్తే మాట రావడం లేదు, నా విశ్వాసం పోయినట్టేనా అని రెండు నెలల క్రితం అడిగాను. జవాబిచ్చిన అందరికీ వందనాలు. ఉపవాసం ఉండమన్నవాళ్లకు కూడా. అప్పటికే నేను అన్నం మానేసి ఉన్నానని వాళ్లకేం తెలుసు!

ఒకరు 88వ కీర్తన చదవమన్నారు. ఇలాంటి మొరల కీర్తనలు చాలావరకు చివర్లో స్తుతివైపు తిరుగుతాయి. ఇది తిరగదు. చీకటే నాకు చుట్టమైంది అన్నట్టు ఆగిపోతుంది. బైబిల్లో ఇలాంటిది కూడా ఉందా అని ఆ రాత్రి మూడుసార్లు చదివాను. నాకు రాని ప్రార్థన ఎవరో ముందే చేసి పెట్టినట్టనిపించింది.

ఇంకొకటి, బైబిల్లోని ఏలీయా ప్రవక్త సంగతి. బదరీ చెట్టు కింద పడుకుని చావు కోరుకున్నాడు. దూత వచ్చి మందలించలేదు. రొట్టె, నీళ్లు ఇచ్చాడు. మళ్లీ పడుకోనిచ్చి, రెండోసారి లేపి పెట్టాడు.

మా పాస్టరమ్మగారికి ఈ విషయం చెప్పాను. మర్నాడు స్టీలు క్యారియర్‌లో పప్పుచారు, వంకాయ కూర తెచ్చి, నేను తినేదాకా ఏమీ మాట్లాడకుండా కూర్చున్నారు. మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఫోన్ చేయించింది కూడా ఆవిడే. డాక్టర్‌కు చూపించుకోవడం అవిశ్వాసం కాదన్నారు.

ఇప్పుడు మందులు వాడుతున్నాను. నిద్ర నాలుగు గంటలే. మొన్న ఆదివారం గుడికి వెళ్లాను, పాట మాత్రం పాడలేకపోయాను. పక్కావిడ పాటల పుస్తకం నా వైపు జరిపి, వేలితో లైను చూపిస్తూ పాడింది.