సమస్యాపూరణం: “బూడిదైన పిట్ట పురుడు పోసె”

పృచ్ఛకుడు: ఈసారి సమస్య ఆటవెలది నాలుగో పాదం. 1999లో జపాన్‌లో వచ్చిన పోకెమాన్ గోల్డ్ అనే వీడియో ఆట డబ్బా మీద కనిపించే హో-ఓ పక్షి మీద పూరించండి. ఆట ఆడనివాళ్ల కోసం కథ చెప్తాను. ఎక్రుటీక్ అనే ఊళ్లో రెండు గోపురాలు. ఒకదాని మీద పిడుగు పడి తగలబడితే లోపల మూడు ప్రాణులు పోయాయి. హో-ఓ దిగివచ్చి వాటిని బతికించింది. రైకూ, ఎంటేయ్, సూయికూన్ అవే.

గేమ్‌బాయ్‌తాత:
దాల్చిచెక్క గూడు తన కాష్ఠమై మండ
తనకుఁ దానె సాని, తల్లి యగుచు
ఐదువందలేండ్ల యవధి ముగియఁగానె
బూడిదైన పిట్ట పురుడు పోసె

గణాలమాస్టారు: గణాలు, యతి శుభ్రంగా ఉన్నాయి. ‘సాని’ మాత్రం తీసేయండి తాతగారూ. మీరు మంత్రసాని అనుకుని రాశారు, చదివేవాడికి వేరే తడుతుంది. ‘బిడ్డ, తల్లి’ అంటే సరిపోతుంది. ఇంకోటి, మీరు రాసింది ఫీనిక్స్ గురించి, అంటే కాలి బూడిదై మళ్లీ పుట్టే పడమటి కథల పిట్ట. దాని ఐదు వందల ఏళ్ల లెక్క పాతకాలపు గ్రీకు చరిత్రకారుడు హెరడోటస్ చెప్పిందే కానీ ఆయన కథలో అగ్గే లేదు. పిట్ట తన తండ్రి శవాన్ని బోళం అనే సువాసన జిగురు ముద్దలో పెట్టి అరేబియా నుంచి ఈజిప్టులోని హీలియోపొలిస్ సూర్యాలయానికి మోసుకెళ్తుంది, అంతే. మంట తర్వాతివాళ్లు పెట్టింది. అయినా ఇది ఫీనిక్స్ పద్యం. హో-ఓ ఎక్కడుంది ఇందులో?

కొత్తకలం: నాకు రెండు పాదాలే వచ్చాయండీ.
చైనవారి పక్షి చక్కని రాజున్న
చోట వాలు గాని చావ దెపుడు
తర్వాత ముందుకు పోవట్లేదు. చైనా కథల్లోని ఈ పక్షి, ఫెంగ్‌హువాంగ్, అసలు కాలదు కదా, బూడిద ఎక్కడ నుంచి తేను?

గణాలమాస్టారు: చో-చా యతి కుదరదమ్మా. ‘చూడ దగ్గి’ అని మార్చు, యతీ కుదురుతుంది, నీ మాటా నిలుస్తుంది. ‘చైన’ అని కుదించడం నాకు నచ్చలేదు, ఈసారికి వదిలేస్తున్నా. నీ ప్రశ్న మాత్రం అసలైనది. ‘హో-ఓ’ అంటే ఫెంగ్‌హువాంగ్‌కు జపాన్‌వాళ్ల పేరే. జపాన్‌లోని ఉజిలో 1053లో కట్టిన బ్యోదోయిన్ మందిరం కప్పు మీద నిలబడింది ఆ పక్షే. 2004 నాటి పదివేల యెన్ నోటు వెనక కూడా అదే ఉంది. దానికి చావూ లేదు, చితీ లేదు. పునర్జన్మ పడమటి ఫీనిక్స్‌ది. ఆట చేసినవాళ్లు రెండూ కలిపి చిన్న మెలిక పెట్టారు: పిట్ట తాను కాలదు, కాలినవాటిని లేపుతుంది.

చిత్తుకాగితం: ఆ మెలికనే పట్టుకున్నాను, కామా చూడండి.
పిడుగు పడ్డ మేడ పెనుమంటలోఁ గాల
ఇంద్రధనువు రెక్క లెత్తి వాలి
మూడు మృగములందు మునుమున్ను తమ మేను
బూడిదైన, పిట్ట పురుడు పోసె

పృచ్ఛకుడు: శభాష్! విరుపు కోసమే ఈ సమస్య ఇచ్చాను.

గణాలమాస్టారు: ‘మునుమున్ను’ యతి కోసం దూర్చిన మాట. అంతకంటే పెద్ద చిక్కు, ‘అయినన్’ (అయితే) అనే అర్థం తీసుకుంటే ద్రుతం, అంటే చివరి ‘న్’, మీద పరుషమైన ‘ప’ సరళమైన ‘బ’ కావాలి. ‘బూడిదైనఁ బిట్ట’ అనాలి.

చిత్తుకాగితం: అలా మారిస్తే నాది నిలుస్తుంది, ‘బూడిదైపోయిన పిట్ట’ అనే అర్థం పోయి తాతగారిది కూలుతుంది!

గేమ్‌బాయ్‌తాత: సమస్యను ముట్టుకోకూడదు నాయనా. రాత్రికి ఇంకోటి పంపిస్తా, ఈసారి సాని లేకుండా.