ఏడాది ట్రావెల్ ఇన్సూరెన్స్: క్లెయిమ్ పెడితే నిజంగా డబ్బులిచ్చే కంపెనీ ఏది?

గుడివాడ అబ్బాయి:
పొద్దుట్నుంచి ల్యాప్‌టాప్ ముందు కూర్చుని కళ్లు లాగేస్తున్నాయి. పదకొండు ట్యాబ్‌లు తెరిచా. అన్నింట్లో ఒకటే మాట, "నిశ్చింతగా ప్రయాణించండి" అని. నిరుడు అలాగే నిశ్చింతగా వెళ్లి చెయ్యి విరగ్గొట్టుకున్నా. ఫ్రాంక్‌ఫర్ట్‌లో, జనవరి నెల, ట్రామ్ దిగి రెండడుగులు వేశానో లేదో గడ్డకట్టిన నీళ్ల మీద కాలు జారింది. కుడిచేతి మణికట్టు. ఆసుపత్రి బిల్లు 1,140 యూరోలు సొంత కార్డు గీకి కట్టా. కాగితాలన్నీ పంపితే రెండు నెలలు తిప్పి తిప్పి "నిబంధనల ప్రకారం చెల్లదు" అన్నారు. దగ్గర దగ్గర లక్ష బొక్క.

ఏడాదికి నాలుగైదు సార్లు తిరుగుతా, అందుకని యాన్యువల్ మల్టీట్రిప్పే కావాలి. అమ్మని కూడా కలపాలి. రేటు ఎక్కువైనా పర్లేదు. క్లెయిమ్ పెడితే ఇచ్చే కంపెనీ ఒక్కటంటే ఒక్కటి చెప్పండి. యూట్యూబ్ లింకులు మాత్రం పెట్టకండి, దండం పెడతా.

క్లుప్తం:
రిజెక్షన్ లెటర్లో ఏ క్లాజు రాశారు?

కార్డులరాజు:
అన్నా, అసలు విడిగా పాలసీ ఎందుకు? మంచి ప్రీమియం క్రెడిట్ కార్డు ఒకటి తీసుకో. టికెట్ ఆ కార్డు మీదే కొనాలి, అంతే. సామాను పోతే కవర్, ఫ్లైట్ లేటయితే కవర్, పైగా లాంజ్ ఫ్రీ. నేను శంషాబాద్‌లో బయట తిండికి రూపాయి పెట్టి మూడేళ్లయింది. లాంజ్‌లో పెసరట్టు ఉప్మా పెడతారు, వేడివేడిగా.

క్లుప్తం:
విరిగిన చేతికి పెసరట్టు కడతారా?

పాత ఏజెంటు:
బాబూ, ఇరవై ఏడేళ్లు ఈ రంగంలో ఉన్నవాణ్ని, ఒక మాట చెప్తా వినండి. ఇన్సూరెన్స్ అనేది నమ్మకం మీద నడిచే ఒప్పందం. ప్రపోజల్ ఫారంలో నిజం రాస్తే కంపెనీ ఇవ్వక చస్తుందా? మనవాళ్లేం చేస్తారంటే షుగర్ ఉన్నా లేదని కొడతారు, బీపీ ఉన్నా లేదని కొడతారు, పదేళ్ల కింద స్టెంటు వేయించుకున్న సంగతి మర్చిపోతారు. అక్కడ డాక్టరు "ఎప్పట్నుంచి షుగర్?" అంటే మాత్రం ఠక్కున "పన్నెండేళ్లు సార్" అని చెప్పేస్తారు! అది ఆయన కేస్ షీట్లో రాస్తాడు. ఆ షీటే మీ క్లెయిమ్ ఫైల్లోకి వస్తుంది. ఇంకేముంది? తప్పు కంపెనీది కాదు.

గుడివాడ అబ్బాయి:
సార్, నాకు 36. షుగర్ లేదు, బీపీ లేదు. మంచు మీద జారి చెయ్యి విరగడానికీ షుగర్‌కీ ఏం సంబంధం?

పాత ఏజెంటు:
మీ సంగతి కాదు, మీ అమ్మగారి వయసెంత?

గుడివాడ అబ్బాయి:
67. షుగర్ మాత్ర వేసుకుంటుంది, మామూలే.

పాత ఏజెంటు:
"మామూలే" అంట! ఇదే నేను చెప్పేది. ముందునుంచీ ఉన్న జబ్బుకి చాలా పాలసీల్లో ప్రాణం మీదికొచ్చిన ఎమర్జెన్సీ అయితే తప్ప ఇవ్వరు. అరవై దాటినవాళ్లకి గది అద్దెకింత, ఆపరేషన్‌కింత అని సబ్‌లిమిట్లు పెడతారు. పైన 50,000 డాలర్ల కవరని పెద్దక్షరాలతో ఉంటుంది, కింద ఒక్కో ఖర్చుకి కోత. పైగా ఒక్కో ప్రయాణానికి మినహాయింపు 100 డాలర్లు.

గుడివాడ అబ్బాయి:
100 డాలర్లు తగ్గిస్తారా? ప్రీమియంలోనా? ఇదేదో బానే ఉందే.

పాత ఏజెంటు:
అయ్యో రామ. తగ్గించడం కాదయ్యా, మీరే పెట్టుకోవాలి. డిడక్టిబుల్. బిల్లు 400 అయితే వాళ్లిచ్చేది 300.

మాటలమూట:
ఇలా అనువాదం చేస్తే జనం మునిగిపోరా? డిడక్టిబుల్ మినహాయింపే, ఎక్స్‌క్లూజనూ మినహాయింపే, డిస్కౌంటూ మినహాయింపే. మూడింటికీ ఒకే మాట! డిడక్టిబుల్‌కి "సొంత వాటా" అనొచ్చు, ఎక్స్‌క్లూజన్‌కి "వర్తించనివి" అంటే సరిపోతుంది.

పాత ఏజెంటు:
సొంత వాటా అంటే కో-పే అనుకుంటారు. అది శాతంలో ఉంటుంది. మీరు ఇంకో గొయ్యి తవ్వుతున్నారు.

మాటలమూట:
అయితే "మొదటి కోత" అనండి.

విశాఖ బీచ్:
బ్రో సింపుల్. క్లెయిమ్ సెటిల్‌మెంట్ రేషియో 98 పైన ఉన్న కంపెనీ తీస్కో. అన్ని వెబ్‌సైట్లలో ఉంటది.

మాటలమూట:
ఆ 98 దేనికి? లైఫ్ ఇన్సూరెన్స్‌లో చావు క్లెయిమ్‌ల లెక్క చూసి మాట్లాడుతున్నట్టున్నారు. జనరల్ ఇన్సూరెన్స్‌లో చూసేది ఇన్‌కర్డ్ క్లెయిమ్ రేషియో.

విశాఖ బీచ్:
రెండూ ఒకటే కదా

మాటలమూట:
ఎలా ఒకటవుతాయి? ఒకటి క్లెయిమ్‌ల సంఖ్య మీద, ఇంకొకటి డబ్బు మీద. వంద రూపాయల ప్రీమియం వస్తే అందులో ఎంత క్లెయిమ్‌ల కింద పోయిందనేది ఇన్‌కర్డ్ రేషియో. వందమంది అడిగితే ఎంతమందికి ఇచ్చారనేది మీరు చెప్పేది.

విశాఖ బీచ్:
సరే సార్ మీరే గెలిచారు

క్లెయిమ్స్ అక్కయ్య:
కొట్టుకోకండి. నేను పదకొండేళ్లు ఒక టీపీఏలో, అంటే బీమా కంపెనీల తరఫున క్లెయిమ్‌లు చూసే సంస్థలో, విదేశీ క్లెయిమ్‌ల ఫైళ్లు చూశాను. మీరు చెప్పే రెండు అంకెలూ ఈ అబ్బాయికి పనికిరావు. కారూ, ఆసుపత్రీ, షాపూ అన్నీ కలిపి లెక్కేస్తే 98 ఎక్కడైనా వస్తుంది. ఇన్‌కర్డ్ రేషియో తక్కువుంటే కంపెనీ ఎగ్గొడుతోందనీ కాదు, ట్రావెల్‌లో వెళ్లినవాళ్లలో ఎక్కువమంది క్షేమంగానే తిరిగొస్తారు.

కావలసింది ఇంకోచోట ఉంది. ప్రతి జనరల్ ఇన్సూరెన్స్ కంపెనీ వెబ్‌సైటు అడుగున చిన్నక్షరాల్లో "పబ్లిక్ డిస్‌క్లోజర్స్" అని ఉంటుంది. మూడు నెలలకోసారి పెట్టి తీరాలి, బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ రూలు. అందులో ఎన్‌ఎల్-37 అనే ఫారం తెరవండి. క్లెయిమ్‌ల లెక్క. ట్రావెల్‌కి విడిగా ఒక కాలమ్ ఉంటుంది. ఎన్ని వచ్చాయి, ఎన్నింటికి డబ్బు కట్టారు, ఎన్ని తిరస్కరించారు, ఎన్ని పెండింగ్‌లో ఉన్నాయి, అన్నీ వాళ్లే రాసుకున్న అంకెలు. వచ్చినవాటిలో తిరస్కరించినవి ఎన్నో భాగించుకోండి. మార్చితో ముగిసే ఫారం అయితే ఏడాది మొత్తం కనపడుతుంది, ఒక్క త్రైమాసికం చూసి మోసపోకండి. ఏడాదికి యాభై అరవై క్లెయిమ్‌లే వచ్చే కంపెనీ అయితే ఆ శాతానికి పెద్ద అర్థం ఉండదు. ఎన్‌ఎల్-39లో ఎంత కాలానికి సెటిల్ చేశారో ఉంటుంది. ఇదంతా చూడ్డానికి అరగంట చాలు.

విశాఖ బీచ్:
ఇది ఎవడూ చెప్పలేదేంటి ఇన్నాళ్లూ 🙏

లండన్ వాన:
అక్కా సూపర్. మా దగ్గర ఎఫ్‌సీఏ అనే ఆర్థిక నియంత్రణ సంస్థ వాళ్లు ఏ కంపెనీ ఎన్ని క్లెయిమ్‌లు ఒప్పుకుందో పబ్లిష్ చేస్తారు, ట్రావెల్‌తో సహా. ఇక్కడ యాన్యువల్ పాలసీ కొనేముందు జబ్బులన్నీ ఫోన్లో అడుగుతారు, డిక్లేర్ చేస్తే ఎక్కువ ప్రీమియం వేసి కవర్ ఇస్తారు.

ఇంకొకటి. సామాను రాకపోతే బెల్టు దగ్గర్నుంచి కదలక ముందే ఎయిర్‌లైన్ కౌంటర్లో సామాను రాలేదని రాసిచ్చే పీఐఆర్ కాగితం రాయించుకోండి. ఇంటికెళ్లి తాపీగా ఫోన్ చేస్తే ఇన్సూరెన్స్ వాళ్లు మొదట అడిగేది అదే. ఎయిర్‌లైన్ మీద కూడా మాంట్రియల్ ఒప్పందం ప్రకారం సామాను దెబ్బతింటే 7 రోజుల్లో, లేటుగా వస్తే చేతికందిన 21 రోజుల్లో రాతపూర్వకంగా ఫిర్యాదు చెయ్యాలి. మా ఆవిడ పట్టుచీరల సూట్‌కేసు మూడు రోజులు దోహాలో ఉండిపోయింది, అప్పుడు తెలిసింది.

గుడివాడ అబ్బాయి:
దోహాలో ఇది రోజూ ఉండేదే లెండి, నా పెట్టె రెండుసార్లు పోయింది. థాంక్స్ అక్కా, ఎన్‌ఎల్-37 తెరిచా. ఇంతకీ ఏ కంపెనీ?

క్లెయిమ్స్ అక్కయ్య:
ఆగు తమ్ముడూ. పైన ఒకరు మొదటే అడిగారు, నువ్వు చెప్పలేదు. లెటర్లో ఏ కారణం రాశారు? ఉన్నది ఉన్నట్టు ఇంగ్లీషులో ఎలా ఉందో చెప్పు. ఇంకోటి, ఆ జర్మనీ ప్రయాణం ఎక్కడ మొదలైంది?

గుడివాడ అబ్బాయి:
దోహా నుంచే. నేను ఉండేది అక్కడే కదా, ఖతార్‌లో, ఆరేళ్లుగా. లెటర్లో "ట్రిప్ నాట్ కమెన్స్‌డ్ ఫ్రమ్ ఇండియా" అని, అంటే ప్రయాణం ఇండియాలో మొదలవ్వలేదని, ఏదో సాకు రాశారు.

క్లుప్తం:
ఇదే మొదట్లో చెప్పి ఉంటే.

కార్డులరాజు:
గుడివాడ అని పెట్టుకుంటే గుడివాడలో ఉన్నావనుకున్నాం అన్నా 😂

గుడివాడ అబ్బాయి:
పేరు చూసి మీరనుకుంటే నేనేం చెయ్యను. పాస్‌పోర్టు ఇండియాదే, కంపెనీ ఇండియాదే, ప్రీమియం మా అమ్మ ఖాతా నుంచి రూపాయల్లోనే కట్టాం. జర్మనీ వీసా వాళ్లు కూడా ఆ పాలసీ చూసి వీసా ఇచ్చారు. వాళ్లకి చెల్లింది వీళ్లకి చెల్లదా?

క్లెయిమ్స్ అక్కయ్య:
సాకు కాదు తమ్ముడూ, అదే అసలు కారణం. జర్మనీతో సహా చాలా యూరప్ దేశాలకి కలిపి ఇచ్చే షెంజెన్ వీసా వాళ్లు చూసేది కనీసం 30,000 యూరోల కవర్ ఉందా, తేదీలూ దేశాలూ సరిపోయాయా, శవాన్నో రోగినో స్వదేశానికి చేర్చే ఖర్చు ఉందా అని. నీ క్లెయిమ్ వస్తుందా రాదా అన్నది వాళ్ల పని కాదు. నిజానికి వాళ్ల వీసా కోడ్‌లోనే, మామూలుగా నువ్వు నివసించే దేశంలో బీమా తీసుకోవాలని ఉంది.

మా ఆఫీసులో ఫైలు తెరవగానే బిల్లు చూడం. ముందు చూసేది పాస్‌పోర్టు జిరాక్సులో స్టాంపుల పేజీ. ఇండియా నుంచి బయటికెళ్లిన ముద్ర ఏ తేదీ, ప్రమాదం ఏ తేదీ. మన కంపెనీల యాన్యువల్ పాలసీల్లో ప్రతి ట్రిప్పూ ఇండియాలో మొదలై ఇండియాలో ముగియాలని ఉంటుంది, ఒక్కో ట్రిప్ 30 రోజులో 45 రోజులో దాటకూడదు. నీ స్టాంపులో జర్మనీకి ముందు దోహా, దాని ముందు కూడా దోహా. ఫైలు అక్కడే ఆగిపోతుంది. విరిగిన చెయ్యి దాకా ఎవరూ పోరు.

గుడివాడ అబ్బాయి:
మరి అమ్మేటప్పుడు చెప్పొద్దా? మొబైల్ నంబరు ఖతార్‌దే ఇచ్చా.

పాత ఏజెంటు:
ఫారంలో "బీమా చేయించుకునే వ్యక్తి ప్రస్తుతం ఇండియాలో ఉన్నారా" అని అడుగుతారు. ఏం కొట్టారు?

గుడివాడ అబ్బాయి:
అవునని. కాదు అని కొడితే ముందుకి పోలేదు.

పాత ఏజెంటు:
నేను మొదట్నుంచీ చెప్తున్నది ఇదే! నమ్మకం! ఇరవై ఏడేళ్లుగా ఇదే!

క్లుప్తం:
మీరు షుగర్ అన్నారు.

లండన్ వాన:
ఇక్కడా అంతే, యూకేలో ఉంటేనే యూకే పాలసీ.

క్లెయిమ్స్ అక్కయ్య:
చూడు తమ్ముడూ, నువ్వు అడగాల్సింది ఏ కంపెనీ అని కాదు, ఏ దేశపు పాలసీ అని. నీకు ఖతార్‌లో, నీ రెసిడెన్సీ మీద ఇచ్చే యాన్యువల్ కావాలి. అక్కడ కూడా "హోమ్ కంట్రీ" క్లాజు చూసుకో. సెలవుకి గుడివాడ వచ్చినప్పుడు కవర్ ఉండకపోవచ్చు, దానికి ఇక్కడ మామూలు హెల్త్ పాలసీ ఉంచుకో. అమ్మగారు ఏడాదికి ఎన్నిసార్లు వెళ్తారు?

గుడివాడ అబ్బాయి:
ఒక్కసారి. రెండు నెలలు ఉంటుంది నా దగ్గర.

క్లెయిమ్స్ అక్కయ్య:
ఆమెకి యాన్యువల్ దండగ. రెండు నెలలంటే చాలా యాన్యువల్ పాలసీల ట్రిప్ హద్దే దాటిపోతుంది. సింగిల్ ట్రిప్ తీసుకో, ఇండియాలో విమానం ఎక్కకముందు. షుగర్ ఉందని రాయి, ఏ మాత్రో కూడా రాయి. పాలసీ మీద ఉన్న అసిస్టెన్స్ నంబరు ఆమె ఫోన్లోనూ నీ ఫోన్లోనూ పెట్టు. ఆసుపత్రిలో చేరితే ముందు ఆ నంబరుకి ఫోన్, తర్వాతే బంధువులకి. చాలా పాలసీల్లో 24 గంటల్లో చెప్పాలని ఉంటుంది.

గుడివాడ అబ్బాయి:
పాతదాని మీద ఏమీ రాదా ఇక? లక్ష అక్కా.

పాత ఏజెంటు:
రాదు.

మాటలమూట:
బీమా ఫిర్యాదులు తేల్చే అధికారి, అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లొచ్చుగా. కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి, నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా వెళ్లొచ్చు. కంపెనీ కాదన్న ఏడాదిలోపు వెయ్యాలి. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. 50 లక్షల వరకూ తేలుస్తారు. ఏపీ, తెలంగాణ, యానాంలకి ఆఫీసు హైదరాబాద్ లక్డీకాపూల్‌లో. గుడివాడ అడ్రసు ఉంది కాబట్టి అక్కడే.

క్లెయిమ్స్ అక్కయ్య:
వెళ్లొచ్చు, నష్టం లేదు. కానీ ఆ "అవును" టిక్కు వాళ్ల దగ్గర రికార్డులో ఉంటుంది, ఆశ పెట్టుకోకు. పాలసీయే నాకు వర్తించనప్పుడు ప్రీమియమైనా వెనక్కివ్వండని అడిగి చూడు. ఇస్తారని నేను చెప్పలేను.

కార్డులరాజు:
ఖతార్ బ్యాంకుల కార్డుల్లో కూడా ట్రావెల్ కవర్ ఉంటది అన్నా, కనుక్కో. లాంజ్ అయితే దోహాలో…

క్లుప్తం:
వద్దు.

తెనాలి కోడలు:
మేడమ్, మా అత్తగారికి 72, బైపాస్ అయింది, డల్లాస్ వెళ్తున్నారు ఆరు నెలలకి. ఆమెకి ఏది తీసుకోవాలి?

క్లెయిమ్స్ అక్కయ్య:
అది వేరే కథ అమ్మా, విడిగా పోస్టు పెట్టు. బైపాస్ ఏ సంవత్సరంలో అయిందో, ఇప్పుడు ఏ మందులో, టికెట్ కొన్నారో లేదో అన్నీ మొదటే రాయి.

గుడివాడ అబ్బాయి: (పన్నెండు రోజుల తర్వాత)
దోహాలో తీసుకున్నా. అమ్మది సింగిల్ ట్రిప్, షుగర్ రాశాం, ప్రీమియం పెరిగింది. కంపెనీకి ఫిర్యాదు మెయిల్ పెట్టా, "మీ మెయిల్ అందింది" అని వచ్చింది, అంతే. థాంక్స్ అందరికీ.

మాటలమూట:
"మొదటి కోత" ఎంత?

గుడివాడ అబ్బాయి:
చూడలేదండీ