సముద్రపు గాలికి అల్లాయ్ వీల్స్ పూత లేచిపోతోంది: మరమ్మతు ఎలా చేయించాలి?

తిరువాన్మియూరు వాసి:
మా ఇల్లు చెన్నై తీరానికి దగ్గర. కారు డైమండ్ కట్ (ముఖాన్ని లేత్ యంత్రం మీద మెరిసేలా చెక్కిన) అల్యూమినియం రిమ్ముల మీద, చక్రం సమంగా తిరగడానికి పెట్టే బ్యాలెన్సింగ్ బరువులు బిగించిన అంచుల నుంచి మొదలై, క్లియర్ కోట్ (పైనుండే పారదర్శక పూత) కింద తెల్లని సన్నని గీతలు వానపాముల్లా పాకుతున్నాయి. పైన వెండిరంగు కొట్టి ఇస్తామని ఒక దుకాణంవారు అంటున్నారు. అది నిలుస్తుందా?

అంబత్తూరు పెయింటర్:
నిలవదండి. రాయి తగిలిన చోటో, బరువు కొక్కెం గీరిన చోటో పూత చిట్లితే ఉప్పు తేమ అక్కడ దిగి, పూతకూ లోహానికీ మధ్య దారి చేసుకుంటూ పోతుంది. పుట్టిన ఆక్సైడు అసలు లోహం కన్నా ఎక్కువ చోటు తీసుకుంటుంది కనుక పూతను కిందినుంచి లేపేస్తుంది. దాని మీద రంగు వేస్తే ఆ ఉప్పును లోపలే ఉంచి మూసినట్లవుతుంది. టైరు విప్పించి, గీతలు దాటి పూత గట్టిగా పట్టుకున్న భాగం వచ్చేదాకా తొలగించి, లోహం మెరిసేవరకు ఎమరీ పేపరుతో రుద్ది, మంచినీటితో కడిగి, పూర్తిగా ఆరాక ఆలస్యం చేయకుండా ఎపాక్సీ ప్రైమరు (లోహాన్ని గట్టిగా పట్టే అడుగు పూత), ఆపై రంగు, క్లియర్ కోట్ వేయించండి. ఇనుప బ్రష్షు మాత్రం వాడనివ్వకండి. దాని రజను అల్యూమినియంలో దిగబడి కొత్త తుప్పుకు మొదలవుతుంది.

వేలచ్చేరి నుంచి:
టైరు ఆనుకునే లోపలి అంచును కూడా తప్పక చూడమనండి. 2023 డిసెంబరు మిచాంగ్ తుఫానులో మా కారు నీళ్ళలో నిలిచింది. తరువాత కొంతకాలానికి ఒక చక్రంలో గాలి మెల్లగా దిగడం మొదలైంది. పంక్చరు ఎక్కడా దొరకలేదు. టైరు విప్పితే ఆ అంచంతా తెల్లపొడి కట్టి ఉంది. దాన్ని శుభ్రం చేయించాకే గాలి నిలిచింది.

అడయారు పాఠకురాలు:
మళ్ళీ డైమండ్ కట్ చేయించాలని అనుకుంటే ఒకసారి ఆలోచించండి. లేత్ మీద ప్రతిసారీ కొంత లోహం పోతుంది, పైగా ఆ నున్నని ముఖం మీద క్లియర్ కోట్ తప్ప వేరే రక్షణ ఉండదు. తీరంలో ఉండేవారికి రిమ్మంతా ప్రైమరుతో రంగు వేయించడమే మేలని నా గట్టి అభిప్రాయం, అందం కాస్త తగ్గినా సరే. పాత పూతను మంటతో కాల్చి తీసేవారికి ఇవ్వకండి. అధిక వేడికి రిమ్ము బలం తగ్గుతుంది. ఆమ్లం కలిసిన వీల్ క్లీనర్లు మానేసి, చక్రాలు చల్లబడ్డాక మామూలు కారు షాంపూతో తరచూ కడిగి మైనం పూయండి.

తిరువాన్మియూరు వాసి:
ధన్యవాదాలు. పూర్తి రంగే వేయిస్తాను. బరువులు లోపలివైపు అతికించే రకమే పెట్టించనా?

అంబత్తూరు పెయింటర్:
అవే పెట్టించండి. హబ్బుకు (కారు వైపు చక్రం బిగించే భాగానికి) ఆనే ముఖం మీద, నట్లు కూర్చునే గుంటల్లో మందంగా రంగు పడకుండా మూసి కొట్టమనండి; అక్కడ రంగు నలిగితే నట్లు వదులవుతాయి. బిగించాక కొద్ది దూరం నడిపి, నట్ల బిగింపును మాన్యువల్‌లో చెప్పిన టార్కుకు (బిగింపు బలానికి) మళ్ళీ సరిచూపించండి.