ఆరోగ్యశ్రీ లిమిట్ పెంచుడా, పీహెచ్‌సీల గోలీలు ఉంచుడా? ఏది ముందు?

పాలమూరోడు:
2007ల ఆరోగ్యశ్రీ మొదలైన మూడు జిల్లాల్ల మాది ఒకటి, పథకం మీద నాకేం కోపం లేదు. 2023 డిసెంబర్‌ల తెలంగాణల ఒక్కో ఇంటికి ఏడాదికి వైద్యానికిచ్చే 5 లక్షల లిమిట్ 10 చేసిన్రు, అదే నెల ఆంధ్రల 25 అన్నరు. మంచిదే. కానీ మా మండలం దవాఖానల షుగర్ గోలీలు పది రోజులకిచ్చి మళ్ల రమ్మంటరు, కూలి పోగొట్టుకొని ఎవడొస్తడు చెప్పుర్రి, మింగుడే బంద్ పెడ్తరు, కొన్నేండ్లకు కిడ్నీలు ఖరాబై అదే కార్డు పట్టుకొని డయాలసిస్‌కు పోతరు. గోలీలకు లేని పైసలు డయాలసిస్‌కు యాడికెల్లి వస్తున్నయ్?

గుంటూరు మిర్చి:
షుగర్ మాత్రలు జనరిక్ షాపులో కొనుక్కోవచ్చు బ్రదర్, బైపాస్ కొనుక్కోగలమా? మా మావయ్యకి ఆరోగ్యశ్రీలోనే చేశారు, అది లేకపోతే ఉన్న ఎకరం అమ్మేవాళ్ళం. లిమిట్ పెంచితే ఏడుపెందుకో అర్థం కాదు.

పాలమూరోడు:
ఏడుపు కాదన్నా. బకాయిలు రాలేదని నెట్‌వర్క్ ఆస్పత్రులు, అంటే ఆరోగ్యశ్రీ కింద వైద్యం చేసే ప్రైవేటు దవాఖానలు, రెండు రాష్ట్రాలల్ల ఎన్నిసార్లు సేవలు ఆపినయ్? బిల్లు టైముకు కట్టనప్పుడు 10 అన్నా 25 అన్నా కాగితం మీది అంకెనే.

మందుల కౌంటర్:
ఇద్దరూ డబ్బు గురించే మాట్లాడుతున్నారు. నేను సర్కారు ఫార్మసీలో పనిచేస్తా, నాకు కనపడేది వేరు. మాకు కావాల్సిన మందులకి మేం ఇండెంట్ (కోరిక జాబితా) పెట్టింది ఒకటి, వచ్చేది ఇంకోటి. గ్యాస్ మాత్రలు అడక్కుండానే పెట్టెలు పెట్టెలు దిగుతాయి, బీపీవి సగమే వస్తాయి. తమిళనాడు 1994లోనే దీనికోసం విడిగా కార్పొరేషన్ పెట్టింది. ఒక్క చోటే టెండర్, జిల్లాకో గోడౌన్, ప్రతి ఆస్పత్రికీ పాస్‌బుక్. దాన్లో ఉన్న మొత్తం మేరకు ఏ మందు ఎంత కావాలో ఆస్పత్రే తీసుకుంటుంది. శాంపిల్ మీద కంపెనీ పేరు తీసేసి ల్యాబ్‌కి పంపుతారు, ఎవరి సరుకో ల్యాబ్ వాళ్ళకి తెలీదు, ఫెయిలైతే బ్లాక్‌లిస్ట్ దాకా పోతుంది.

గుంటూరు మిర్చి:
తమిళనాడు సంగతి వేరులెండి, అక్కడ ప్రభుత్వాలు మారినా దాని జోలికి ఎవరూ పోలేదు. మనకి మెడికల్ కార్పొరేషన్లు లేవా ఏంటి, రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నాయిగా.

మందుల కౌంటర్:
బోర్డు ఉంది, పాస్‌బుక్ ఏది? రాజస్థాన్ తమిళనాడుని చూసే 2011లో కార్పొరేషన్ పెట్టి అక్టోబర్ 2 నుంచి ఉచిత మందులు మొదలెట్టింది, అక్కడా ప్రభుత్వాలు మారాయి, పథకం మాత్రం నడిచింది. మన దగ్గర ఈ-ఔషధి ఉంది, ఏ మందు ఎంత ఉందో కంప్యూటర్‌లో ఎక్కించేది మేమే. ఆ లెక్క ఓపీ బయట గోడ మీద కూడా కనపడాలంటాను, లేని మందుకి మమ్మల్ని తిట్టడం అన్నా తగ్గుద్ది.

పాలమూరోడు:
గిది మంచిగుంది. లిమిట్ కంటే ముందు గోడ మీద లెక్క పెట్టుర్రి.

గుంటూరు మిర్చి:
పెట్టండి, నేనేం వద్దన్నానా. లిమిట్ తగ్గించమని మాత్రం అనకండి. ఆ గోడ మీదే ఇవాళ డ్యూటీ డాక్టర్ ఎవరో కూడా రాయించండి, మా ఊళ్ళో మాత్రలుంటాయి, రాసిచ్చేవాడే ఉండడు.